తొలి క్యాసెట్టు మీద నేను రాసిన రెండు పేజీలు

మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకముందే ఫోను నా చేతిలో పెట్టింది. కాలేజీ స్నేహితులతో కలిసి ఒక సంగీత బృందం కట్టిందట, గిటార్లూ డ్రమ్సూ పెట్టి ఎనిమిది పాటలు చేశారట, ఇంకా బయట ఎవరికీ వినిపించలేదట. "జర విని చెప్పు అమ్మమ్మా, ఇంక సాపు చెయ్యలే. తప్పులున్నయి, అవన్ని తీసేస్తం" అంది. విన్నాను. మూడో పాటలో వెనక ఎవరో దగ్గారు. ఐదో పాటలో పిల్ల గొంతు పైకి ఎక్కబోయి జారి, మళ్లీ నిలదొక్కుకుంది. ఆ జారిన చోట నా ఒళ్లు ఝల్లుమంది. "అది మాత్రం తియ్యకు బిడ్డా" అన్నాను. ఎందుకని అడిగింది. ఎందుకో చెప్పాలంటే ఒక పూట పడుతుంది, దానికేమో నాలుగింటి బస్సుంది. పెన్సిలు దూర్చి క్యాసెట్టు రీలు వెనక్కి చుట్టిన నా ఈడు వాళ్లయితే నిదానంగా వింటారు కాబట్టి, ఆ సంగతి మీకు చెబుతాను.

మా నాన్నకు అన్న, మేము పెద్దబాపు అని పిలిచేవాళ్లం, జహీరాబాదు బస్టాండు నుంచి బజారుకు తిరిగే మలుపులో క్యాసెట్ల దుకాణం పెట్టుకున్నారు. నేను డిగ్రీ రెండో ఏడు తప్పి ఇంట్లో మొహం చాటేసుకుని తిరుగుతుంటే, ఒకనాడు వచ్చి, "ఇంట్ల కూసొని గోడలు జూసుడేంది, దుకాణంల కూసొని పాటలన్న విను" అని వెంట తీసుకుపోయారు. నా పని చిత్రమైన పని. కొత్త క్యాసెట్టు ఏది వచ్చినా ముందు నేను వినాలి. విని, గల్లా పక్కన దారంతో కట్టి వేలాడదీసిన పొడుగు నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయాలి. చిన్నప్పుడు భజన బృందంలో హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టిన పుణ్యానికి నాకు సంగీతం తెలుసునని ఆయన నమ్మకం. ఆయన నమ్మకం క్రమంగా ఊరి నమ్మకమైంది. న్యాల్‌కల్ నుంచి వచ్చే టీచర్లు, బీదర్ దారిలో పోయే లారీ డ్రైవర్లు, భజన క్యాసెట్ల కోసం మొగుడంపల్లి నుంచి దిగే ఆడవాళ్లు, అందరూ ముందు ఆ నోటుబుక్కు తిప్పి, "ఆ పిల్ల ఏం రాసిందో సదువున్రి" అని అడిగేవాళ్లు. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో అంతమంది నా మాట కోసం చూస్తుంటే తల ఎక్కడ నిలుస్తుంది? నాకు నచ్చనిది అసలు సంగీతమే కాదన్నంత గర్వం వచ్చేసింది.

ఆ రోజుల్లోనే మా ఇంటి చుట్టుపక్కల ఒక గోల మొదలైంది. మా మేనత్త కొడుకు, అంటే నాకు బావ, ఫ్యాక్టరీలో ఫిట్టరు. పక్కింటి ముస్లిం పిన్నిని మేము ఖాలా అని పిలిచేవాళ్లం, ఆమె చిన్నకొడుకు రేడియోలు బాగు చేసేవాడు. ఖాలా పెద్దకొడుకు గల్ఫులో పని చేస్తూ, సెలవుకు వచ్చేవాళ్ల చేత అత్తరు సీసాలతో పాటు ఇంగ్లీషు క్యాసెట్లు పంపేవాడు. వాటిలో గిటార్లు రంపాల్లా కోసేవి, పాడేవాళ్లు పాడుతున్నారో కొట్లాడుతున్నారో తెలిసేది కాదు. ఆ క్యాసెట్లు మా బావనూ ఖాలా కొడుకునూ పట్టేశాయి. ఖాలా కొడుకు పాత రేడియోల పేగులు తీసి సొంతంగా ఆంప్లిఫయరు తయారు చేసుకున్నాడు. ఎక్కడిదో విరిగిన గిటారు తెచ్చి అతికించుకున్నాడు. మా బావ ఇంకో గిటారు పట్టుకుని, సొంతంగా పాటలు రాసి పాడటం మొదలుపెట్టాడు. మూడోవాడు మా వదిన తమ్ముడు. వాళ్లది కర్ణాటక సరిహద్దును ఆనుకున్న ఊరు, ఇంట్లో కన్నడమే మాట్లాడతారు. పెళ్లిళ్ల బ్యాండు మేళంలో డ్రమ్ము వాయించేవాడు, డప్పు కూడా బాగా కొట్టేవాడు. ఈ ముగ్గురూ చేరి వాయించేది సినిమా పాట కాదు, జానపదం కాదు, అచ్చంగా ఆ గల్ఫు క్యాసెట్ల పాటా కాదు. దానికి పేరేమిటో వాళ్లకే తెలియదు. ఖాలా మాత్రం గోడ మీదుగా మా అమ్మతో, "వాళ్లు బజాయిస్తే నా వంటింట్ల డబ్బాలన్ని నాచ్ జేస్తున్నయి అక్కా" అని మొరపెట్టుకునేది. అలా అంటూనే పాట మధ్యలో ముగ్గురికీ చాయ్ పంపేది.

ఎండాకాలం చివర ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లు ఝరాసంగం దారిలో ఖాళీగా పడి ఉన్న ఒక అల్లం గోదాములో తమ పాటలు రికార్డు చేసుకున్నారు. రేకుల కప్పు, మట్టి వాసన, అల్లం ఘాటు, రెండు మైకులు, ఒక టేపు రికార్డరు, అంతే సరంజామా. పన్నెండు నుంచి మూడింటి వరకే కరెంటు ఉంటుంది కాబట్టి, తప్పు వచ్చిందని ఆగి మళ్లీ మొదలుపెట్టే వీలు లేదు. ఎనిమిది పాటలూ ఒక్క ఊపున వాయించేశారు. ఆరో పాటలో ఉండగా ఆ ఏటి తొలి వాన రేకుల మీద పడింది. ఆపితే ఈలోగా కరెంటు పోతుందన్న భయంతో వాన మీదే వాయించుకుంటూ పోయారు.

మరునాడు మా బావ ఆ క్యాసెట్టు తెచ్చి నా ముందు పెట్టి డ్యూటీకి వెళ్లిపోయాడు. దుకాణంలో అయిదారుగురు ఉన్నారు. వాళ్ల ముందే పెట్టాను. మొదటి పాటలోనే మా బావ గొంతు చీలింది, ఎవరో నవ్వారు. రెండో పాట ఎక్కడో విన్నట్టుంది. మూడో పాటలో గిటారు ఒకే చోట గింగిరాలు తిరుగుతుంటే నాకు విసుగు పుట్టి, సగంలో ఆపేసి, నవ్వేవాళ్లను ఇంకాస్త నవ్విద్దామన్న హుషారులో నోటుబుక్కు తీసి ఇలా రాశాను: "మెట్ల మీది నుంచి బిందెలు దొర్లినట్టుంది. పాడినవారికి గొంతు లేదు."

సాయంత్రానికి ఆ మాట బస్టాండు దాటింది. ఆటో స్టాండులో మా బావ కనిపిస్తే చాలు, "ఏం బిందెలోళ్లు, ఏడ దొర్లుతున్నరు ఇయ్యాల?" అనడం మొదలుపెట్టారు. రెండో రోజు మా బావ దుకాణానికి వచ్చాడు. నోటుబుక్కు తెరిచి నా రాత చదివాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"ఎన్ని పాటలు విన్నవే?" అని అడిగాడు.

"రెండున్నర" అన్నాను.

"మిగిలినయి గూడ విని, బాగ లేకుంటే అప్పుడు కొట్టెయ్. నేనేం అనుకోను. వినకుండ మాత్రం కొట్టకు."

అంతే అని వెళ్లిపోయాడు. అప్పటివరకు నన్ను చాలామంది పొగిడారు, కొందరు దెబ్బలాడారు, కానీ నా పని నేను చెయ్యలేదని ఎవరూ చెప్పలేదు. మొహం మీద వేడినీళ్లు పోసినట్టయింది. ఆ రోజే ఇంటికి వెళ్లేసరికి ఖాలా మా అమ్మ దగ్గర కళ్లు తుడుచుకుంటోంది. పెద్దకొడుకు తమ్ముడికి గల్ఫులో పని చూశాడట, వీసా కూడా వచ్చేటట్టుంది. ఈ పాటల సంగతి ఏదో ఒకటి తేలితే ఉంటాను, ఊరంతా నవ్వుకునే దానికైతే ఎందుకు, వెళ్లిపోతానని చిన్నకొడుకు అన్నాడట. అతను వెళ్లిపోతే ఆ ఆంప్లిఫయరు తెలిసినవాడు లేడు, రెండో గిటారు లేదు, బృందమే లేదు. నేను సరదాకు రాసిన రెండు ముక్కలకు అంత బరువుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

క్యాసెట్టు ఇంటికి తెచ్చుకున్నాను. మా అమ్మ చాటలో జొన్నలు చెరుగుతోంది. నేను పక్కన కూర్చుని మొదటి నుంచీ పెట్టాను. మొదటిసారి విన్నప్పుడు, నిజం చెబుతున్నాను, మళ్లీ నచ్చలేదు. నా చెవిలో సినిమా పాటల సొంపు ఒక కొలబద్దలా పాతుకుపోయి ఉంది, దానితో కొలిస్తే ఇదంతా వంకరే. రెండోసారి కొలవడం మానేసి ఊరికే విన్నాను. అప్పుడు మూడో పాట వచ్చింది. నేను దుకాణంలో ఆపేసిన చోటు దాటి పది క్షణాలు కాకముందే, ఆ గింగిరాల గిటారు కింద నుంచి మా వదిన తమ్ముడి డప్పు లేచింది. గిటారు అంతసేపూ తిరిగింది దాని కోసమేనని అప్పుడర్థమైంది. ఇంకొక్క పది క్షణాలు ఓపిక పట్టి ఉంటే నేను ఆ బిందెల మాట రాసి ఉండేదాన్నే కాదు.

మొదటి పాట మళ్లీ పెట్టాను. మా ఊళ్ల బస్సుల మీద కట్టిన పాట అది. "బస్సొస్తదని కూసున్న, బతుకొస్తదని కూసున్న" అని పల్లవి. బతుకు అన్న మాట దగ్గరే మా బావ గొంతు చీలుతుంది. చాటలో చెయ్యి ఆపి మా అమ్మ, "గీ పాట మన బస్సు ముచ్చటే గద. గట్లనే గద మనం కూసునేది" అంది. మా అమ్మ జీవితంలో ఏ పాటనూ తనదిగా చెప్పుకోగా నేను వినలేదు.

మూడు రోజులు విన్నాను. నాలుగో రోజు నోటుబుక్కు కాదని తెల్ల కాగితాలు తీసి రెండు పేజీలు రాశాను. మెప్పు కోసం రాయలేదు. రెండో పాట బాణీ గల్ఫు క్యాసెట్టు నుంచి ఎత్తుకొచ్చిందేనని, అది ఈ ఎనిమిదింటిలో ఉండదగింది కాదని రాశాను. నాలుగో పాటలో గిటారు తీగ ఒకటి వదులై శ్రుతి తప్పిందనీ, ఐదో పాట చెప్పాల్సింది చెప్పేశాక కూడా ఊరికే సాగిందనీ, ఏడో పాటలో ఇరికించిన ఇంగ్లీషు ముక్కలు మా బావ నోట్లో రాళ్లలా తగులుతున్నాయనీ రాశాను. ఆ తర్వాత, బతుకు దగ్గర గొంతు చీలడం తప్పు కాదని, ఆ మాట అక్కడ నున్నగా పలికితే అబద్ధమయ్యేదని రాశాను. ఆరో పాటలో వాన చప్పుడుకు భయపడి ముగ్గురూ ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నట్టు వాయించారని, ఆ పట్టు మిగతా ఏ పాటలోనూ లేదని రాశాను. మన మాటతో, మన డప్పుతో ఈ రకం పాట నేను ఇంతవరకు వినలేదని ముగించాను.

ఆ కాగితాలు ఎవరికీ చూపించకముందే పట్నం నుంచి ఒక క్యాసెట్టు కంపెనీ ఆయన వచ్చారు. నాకు చెప్పకుండా పెద్దబాపు ఆయనకు ఒక కాపీ పంపారట. దుకాణంలో బల్ల మీద కూర్చుని, చాయ్ తాగుతూ, ఎదురుగా నిలబడ్డ ముగ్గురితో చాలా మర్యాదగా మాట్లాడారు. ట్యూన్లలో పస ఉందన్నారు. అయితే పట్నం స్టూడియోలో మళ్లీ చెయ్యాలి, డప్పు తీసేసి మెషీను తాళం పెట్టాలి, మాటలు కాస్త మంచి తెలుగులోకి మార్చాలి, పాడటానికి నేర్చుకున్న గాయకుణ్ణి పెట్టాలి.

"ఏమీ అనుకోకండి, ఈ గొంతు నడవదు. బస్టాండులో దిగగానే నేను విన్నాను. బిందెలు దొర్లినట్టుందని మీ ఊరివాళ్లే అంటున్నారు" అన్నారు.

మా బావ తల వంచుకున్నాడు. ఖాలా కొడుకు అప్పటికే వైర్లు చుట్టి సంచిలో పెట్టుకుంటున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఊరోళ్లు కాదు సార్, ఆ మాట రాసింది నేను. రెండున్నర పాటలు విని రాసిన. అది తప్పు. మొత్తం విన్నంక రాసింది ఇది" అని రెండు పేజీలూ పైకి చదివాను.

తప్పులు చదువుతున్నంతసేపూ మా బావ చెవులు ఎర్రబడుతూనే ఉన్నాయి. రెండో పాట సంగతి వచ్చినప్పుడు ఖాలా కొడుకు ఉలిక్కిపడి, "సచ్చే, నిజమే, అది నేనే తెచ్చిన" అని ఒప్పేసుకున్నాడు. గొంతు గురించి చదివేటప్పుడు మా బావ తల ఎత్తాడు. కంపెనీ ఆయన అంతా విని నవ్వి, చాలా బాగా రాశావమ్మా, కానీ ఇలాంటివి నచ్చేవాళ్లు పదిమందే ఉంటారన్నారు.

భజనలు తప్ప ఇంకేదీ వినని మా పెద్దబాపు అప్పుడు నోరు విప్పారు. "గా పదిమంది మా దుకాణానికే వస్తరు సార్. మేమే తీస్తం" అన్నారు.

అలా తీశాం. రెండో పాట తీసేసి, ఏడు పాటలతో, దుకాణంలోని జోడు టేపు మీద ఒక్కొక్కటే కాపీ చేశాం. ముఖచిత్రం మా వదిన నల్ల సిరాతో వేసింది: ఖాళీ రోడ్డు, దాని పక్కన ఎదురుచూస్తూ ఒక చెప్పుల జత. నా రెండు పేజీలూ తప్పులతో సహా జిరాక్సు తీయించి మడిచి ప్రతి డబ్బాలో పెట్టాం. అలాగే ఉండాలని పట్టుబట్టింది మా బావే. నోటుబుక్కులో బిందెల మాట కింద, "పూర్తిగా వినకుండా రాశాను, క్షమించాలి" అని రాసి సంతకం పెట్టాను. మొదట కొన్నది ఆటోవాళ్లు, వెక్కిరించడానికి. వెక్కిరించడానికి పెట్టుకున్నవాళ్లే ఝరాసంగం ట్రిప్పుల్లో ఆ బస్సు పాట తియ్యలేకపోయారు. ప్రయాణికులు మళ్లీ పెట్టమనేవాళ్లు. ఖాలా కొడుకు గల్ఫు ప్రయాణాన్ని ఈ నెల కాదు, వచ్చే నెల అంటూ జరుపుకుంటూ వచ్చాడు.

దసరా వెళ్లిన పది రోజులకు మా స్కూలు మైదానంలో పెద్ద సభ పెట్టారు. పట్నం ఆర్కెస్ట్రా రావాలి, దారిలో వాళ్ల వ్యాను చెడిపోయింది. సాయంత్రం నాలుగైంది, మైదానం నిండింది, జనం ఈలలు వేస్తున్నారు. సభ పెట్టినవాళ్లు పరుగున వచ్చి, "ఆర్కెస్ట్రా వచ్చేదాక మీరు ఏదన్న వాయించున్రి" అని మా వాళ్లను పట్టుకుపోయారు. ఎండ ఇంకా దిగలేదు. మొదటి పాట మొదలైంది. తర్వాత తెలిసింది, ఎప్పుడైనా జనం ముందు పాడాల్సి వస్తే గొంతు చీలకూడదని మా బావ అప్పటికే చాటుగా సాధన చేస్తున్నాడట. అయినా బతుకు దగ్గరికి వచ్చేసరికి గొంతు చీలి, ఆగిపోయింది.  నేను కళ్లు మూసుకున్నాను. అప్పుడు ఆటోవాళ్లు కూర్చున్న వైపు నుంచి, అవును, ఆ బిందెల మాట అన్నవాళ్ల వైపు నుంచే, "బతుకొస్తదని కూసున్న!" అని పెద్ద కేక లేచింది. అచ్చం క్యాసెట్టులో లాగే, చీలిన గొంతులతో పాడారు. రెండోసారి పల్లవి వచ్చేసరికి మైదానమంతా పాడింది. మా వదిన తమ్ముడు డ్రమ్ములు వదిలేసి, డప్పు మెడకు తగిలించుకుని ముందుకొచ్చాడు. ఆడవాళ్ల వరసలో ఖాలా కుర్చీ ఎక్కి నిలబడి, "మా పోరగాడు! గా గిటార్ మా పోరగాడు!" అని పక్కనున్న ప్రతివాళ్లకూ చూపిస్తోంది. మా అమ్మ ఆమె పడిపోకుండా కుర్చీ పట్టుకుని నిలబడి, తానూ పాడుతోంది. ఆరో పాటకు పట్నం ఆర్కెస్ట్రా వచ్చింది. జనం మా వాళ్లను స్టేజీ దిగనివ్వలేదు; ఏడు పాటలూ అయ్యాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించారు.

ఆ రోజు స్టేజీ మీద లేకపోయినా, గెలిచినవాళ్లలో నేనూ ఉన్నానని ఇప్పటికీ అనుకుంటాను. నా మొదటి మాట ఓడిపోయింది, రెండో మాట నిలిచింది. ఓడిపోవడం అంత సంబరంగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

ఖాలా కొడుకు గల్ఫుకు వెళ్లలేదు. కంపెనీ ఆయన ఉత్తరం రాశారు, ఉన్నది ఉన్నట్టు తామే వేస్తామని, వేశారు కూడా. తర్వాత పట్నం స్టూడియోలో రెండో క్యాసెట్టు చేశారు, మూడోదీ చేశారు. చాలా ఏళ్లు ఊళ్లూ జిల్లాలూ తిరిగారు. రెండోది శుభ్రంగా ఉంది, శ్రుతి ఎక్కడా తప్పలేదు, గిటారు పనితనం ఎంతో పెరిగింది. కానీ ముగ్గురూ మూడు గదుల్లో కూర్చుని వాయించినట్టుందని, మొదటిదానిలో ఒకే కప్పు కింద ఉన్నారని రాశాను. మా బావ రెండు వారాలు నాతో మాట్లాడలేదు, తర్వాత వచ్చి, "స్టూడియోల నిజంగనే మూడు అర్రలల్ల కూసోపెట్టిన్రు, నీకెట్ల తెల్సింది?" అన్నాడు. ఆ బావనే పెళ్లి చేసుకున్నానని మీరు ఊహించుకుంటుంటే, లేదు. నేను చేసుకున్నది లెక్కల మాస్టారును. ఆయనకు చప్పట్లు కూడా తాళంలో పడవు. బావ భార్యకూ నాకూ మంచి స్నేహం.

ఇప్పుడా దుకాణం ఉన్న మలుపులో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. నేను పాతకాలమే గొప్పదని వాదించేదాన్ని కాదు. ఆ గోదాములో కరెంటు కోసం పరుగెత్తినవాళ్లకు ఇప్పటి సదుపాయాలుంటే ఎంత సంతోషించేవాళ్లో నాకు తెలుసు. ఇప్పుడు పాట నచ్చకపోతే వేలితో పక్కకు తోసి ఇంకో పాటకు పోతాం, పాడినవాళ్లకు ఆ సంగతే తెలియదు. ఆ రోజుల్లో ఒక పాటను కొట్టేస్తే, పాడినవాడు మరునాడు దుకాణానికి వచ్చి, నా రాత నా ముందే చదివి, ఎన్ని పాటలు విన్నవే అని అడిగేవాడు. నాకు సంగీతం వినడం నేర్పింది హార్మోనియం కాదు, ఆ ప్రశ్న. ఈ కాలంలో నాలాంటి ఇరవై ఒక్క ఏళ్ల పిల్లను ఆ ప్రశ్న ఎవరు అడుగుతారో, ఆ పిల్ల మిగిలిన పాటలు ఎప్పుడు వింటుందో!